గలీబు మీది దొంగపిట్టలు

పొద్దున దిండు గలీబులు పిండి ఆరేస్తుంటే, ఇన్నేళ్లూ తల కింద పెట్టుకున్న పిట్టల్ని ఈరోజే సరిగ్గా చూశాను. నీలం మీద ఆకులూ పూలూ, ముక్కున ఎర్రటి పండు కరచుకున్న పిట్టలు. ఆ నమూనా పేరు ‘స్ట్రాబెర్రీ దొంగ’ అని తెలిసేసరికి ఆసక్తి పుట్టింది. ఇక చదువుతూ కూర్చుంటే వండిన అన్నం చల్లారిపోయింది.

ఇంగ్లండు కవి, బట్టల మీది నమూనాలు గీసే విలియం మోరిస్ 1883లో గీసిన బొమ్మ అది. బట్టంతా నీలిమందులో ముంచి, కావలసిన చోట ఆ నీలాన్ని తీసేసి, ఎరుపూ పసుపూ అద్దాలి. రోజుల తరబడి పని. పిట్టలు మాత్రం ఊహ కాదు. ఇంగ్లండులో, థేమ్స్ నది ఒడ్డున కెల్మ్‌స్కాట్ అనే పల్లెలో ఆయన అద్దెకున్న ఇంటి తోటలోవి. పండ్లు దొంగిలిస్తున్నాయని తోటమాలి వాటి మెడలు విరిచేస్తానంటే, ఒక్కదాన్నీ ముట్టుకోవద్దన్నాడట. తోటమాలి కష్టం తోటమాలిది!

ఇప్పుడు ఆ ఇంటిని కెల్మ్‌స్కాట్ మేనర్ అంటారు. మేనర్ అంటే ఊరి మీద హక్కులున్న దొర ఇల్లు. ఇది కట్టింది దొరలు కాదు, టర్నర్ అనే రైతు కుటుంబం, 1600 ప్రాంతంలో. మొదట్లో అది వట్టి పొలం ఇల్లే. ‘మేనర్’ అన్న పేరు 19వ శతాబ్దంలో తగిలింది. తరతరాలు సేద్యం చేసి నిలిపినవాళ్లను వదిలేసి, అందరం అద్దెకొచ్చిన కవినే తలుచుకుంటాం. నేనూ అంతే, గలీబు వల్ల.

నాకు బాగా నచ్చింది పైకప్పు. రాతి పలకలు చూరు దగ్గర పెద్దవి, పైకి పోయేకొద్దీ చిన్నవి, చేప పొలుసుల్లా. పెరట్లో ముగ్గురు పక్కపక్కన కూర్చునే మరుగుదొడ్డి కూడా ఉందట. మూడో మనిషి ఏం మాట్లాడేవాడో!

మోరిస్ 1871లో ఆ ఇంట్లో దిగాడు. పాతికేళ్లు అద్దె కట్టాడేగాని కొనలేదు. 1896లో లండన్‌లో పోతే, శవపేటికను రైల్లో తెచ్చి, ఆకుల కొమ్మలు కట్టిన పొలం బండి మీద ఊళ్లోకి తీసుకొచ్చారు. భార్య జేన్ ఆ ఇల్లు కొన్నది 1913లో.

సాయంత్రం జల్లు పడింది. గలీబులు మళ్లీ తడిశాయి. ఈ రాత్రికి వట్టి దిండే.