మాట పడిపోయిన యాజకుడు

నవంబరు చివరి వారం వచ్చిందంటే అమ్మ ట్రంకు పెట్టెలోంచి ఊదారంగు గుడ్డలు తీస్తుంది. ఒకటి ప్రభువు బల్లకి, ఒకటి ప్రసంగ వేదికకి. కలరా ఉండల వాసన పోయేదాకా ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి, శనివారం సాయంత్రం గుడికి పట్టుకెళ్తుంది. ఎప్పటినుంచో ఈ గుడ్డల పని మా ఇంటిదే. చిన్నప్పుడు ఒకసారి అడిగాను, "ఇవి ఈస్టరుకి ముందు శ్రమకాలంలో వేసేవే కదమ్మా, పండక్కి ఇవెందుకు?" అని. "పండగ ఇంకా రాలేదుగా" అంది. ఇదేం జవాబని అప్పుడు అలిగాను. ఇప్పుడు నన్నెవరైనా అడిగితే నేనూ అదే చెబుతాను.

ఆగమన కాలమంటే క్రిస్మస్‌కి ముందొచ్చే నాలుగు ఆదివారాలు. నవంబరు 30 అంద్రెయ అపొస్తలుని పండుగ. దానికి దగ్గరగా ఏ ఆదివారం పడితే ఆ రోజు మొదలవుతుంది. అందుకే ఈ కాలం కొన్నేళ్లు 28 రోజులుంటుంది, కొన్నేళ్లు 22 రోజులకే అయిపోతుంది. సంఘ క్యాలెండరులో కొత్త సంవత్సరం కూడా ఇక్కడే మొదలు. లోకానికి జనవరి 1న వచ్చే కొత్త ఏడాది మనకి నెల ముందే, చప్పుడు లేకుండా వచ్చేస్తుందన్నమాట. పేరేమో రాక అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. మన బైబిల్లో దానికి ఇంకా మంచి మాటుంది: రాకడ. తమాషా ఏమిటంటే, మొదటి ఆదివారం చదివే సువార్త భాగంలో పశువుల తొట్టి ఉండదు, గొల్లలుండరు. మళ్ళీ రానున్న ప్రభువు గురించి, మెలకువగా ఉండండి అన్న హెచ్చరికే ఉంటుంది.

మన దగ్గర మెలకువకేం కొదవ లేదు, అర్ధరాత్రి దాకా క్యారల్స్ రౌండ్స్ ఉంటాయి కాబట్టి! డిసెంబరు మొదటి వారం నుంచే సెమీ క్రిస్మస్‌లు: ఆఫీసులో ఒకటి, కాలేజీలో ఒకటి, అపార్ట్‌మెంట్‌లో ఇంకొకటి. 20వ తేదీ వచ్చేసరికి కేకు చూస్తేనే వెగటు పుడుతుంది. వద్దని అనను, ఆ బిర్యానీలు నేనూ తిన్నవాణ్ణే. కాకపోతే పండగ రాకముందే నాలుగుసార్లు పండగ చేసేసుకున్నాక, ఇక ఎదురుచూడ్డానికి ఏం మిగిలిందనే ప్రశ్న నన్ను వదలదు.

ఎదురుచూపు గురించి లూకా సువార్త మొదటి అధ్యాయం చదవాలి. క్రిస్మస్ కథని లూకా మరియతో మొదలుపెట్టడు, ఒక ముసలి యాజకుడితో మొదలుపెడతాడు. జెకర్యా, ఎలీసబెతు ఇద్దరూ వయసు మళ్ళినవాళ్ళు, పిల్లల్లేరు. ఆలయంలో వంతులవారీగా సేవ చేసే యాజకుల 24 తరగతుల్లో అతనిది అబీయా తరగతి. దేవాలయం లోపలికి వెళ్ళి ధూపం వేసే వంతు చీటీలో అతనికొచ్చింది. యాజకుడి జన్మలో ఒక్కసారి వస్తే గొప్ప. ధూపవేదిక కుడివైపున దూత నిలబడి "నీ ప్రార్థన వినబడినది" అన్నాడు.

ఏ ప్రార్థన? నేనెప్పుడూ అక్కడే ఆగిపోతాను. బిడ్డ కోసం అతను మోకాళ్ళూని ఎన్నేళ్ళయిందో! ఆ వయసులో ఇంకా అడుగుతూ ఉంటాడా? ఎప్పుడో అడిగి, అడిగి, విసిగి మానేసిన ప్రార్థన అయ్యుంటుంది. అతను మర్చిపోయినా ఫైలు అక్కడ మూసెయ్యలేదు. ప్రభువుకి ముందుగా నడిచే కొడుకు పుడతాడు, యోహాను అని పేరు పెట్టమని దూత చెబితే నమ్మలేకపోయాడు పాపం. నేను ముసలివాణ్ణి, ఇది జరుగుతుందని ఎలా తెలుస్తుందన్నాడు. దాంతో మాట పడిపోయింది.

బయట జనం నిలబడి ఉన్నారు, ఈయన ఇంత ఆలస్యం చేస్తున్నాడేమిటా అనుకుంటూ. ధూపం వేసొచ్చిన యాజకుడు వాళ్ళని దీవించాలి, ఆనాటి ఆచారం అది. వచ్చాడు, నోరు పెగల్లేదు. చేతులతో సైగలు చేశాడు. మన గుడిలో అయ్యగారు ఆశీర్వాదానికని చెయ్యెత్తి, మాట రాక అలాగే నిలబడిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అయినా లూకా ఒక చిన్న సంగతి రాస్తాడు: తన సేవ దినాలు పూర్తయ్యాకే అతను ఇంటికి వెళ్ళాడు. మూగవాడై కూడా డ్యూటీ సగంలో వదల్లేదు.

ఎలీసబెతు అయిదు నెలలు ఎవరికంటా పడలేదు. మనుషుల్లో తనకున్న అవమానం దేవుడు తీసేశాడని ఆవిడ అన్న మాటలో ఎన్నేళ్ళ పేరంటాలున్నాయో, "ఇంకా విశేషం లేదా?" అని ఎంతమంది అడిగుంటారో! సెమీ క్రిస్మస్ పంక్తిలో పక్కన కూర్చున్న కోడలిపిల్లని ఆ ప్రశ్న అడగకుండా మన నాలుకకి నెల రోజులు సెలవిస్తే, అదీ ఆగమన కాలపు ఉపవాసమే.

ఇంతకీ ఆ ఇంట్లో నెలలు ఎలా గడిచుంటాయి? మాట్లాడలేని మొగుడు, గడప దాటని పెళ్ళాం, కడుపులో బిడ్డ. ఆరో నెలలో మరియ చూడ్డానికి వచ్చేదాకా బోధ లేదు, పాట లేదు. క్రీస్తు రాకడకి ముందు దేవుడు సిద్ధం చేసిన మొదటి ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంది.

బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజు చుట్టాలంతా తండ్రి పేరే పెడదామన్నారు. జెకర్యా పలక తెప్పించుకుని, దూత చెప్పినట్టే యోహాను అని రాశాడు. వెంటనే నోరు తెరుచుకుంది. ఇన్నాళ్ళ మౌనం మీద ఫిర్యాదేమీ లేదు, అతని నోట వచ్చింది దేవుని స్తుతి. ఆ రోజు ఆలయం బయట జనానికి బాకీ పడ్డ దీవెన అలా తీరింది.

2023లో నాలుగో ఆదివారం సరిగ్గా డిసెంబరు 24న పడింది. పొద్దున ఆరాధనకి ఊదా, రాత్రి క్రిస్మస్ ఆరాధనకి తెలుపు. ఇక ఊదా గుడ్డ ఎందుకు, పొద్దుటే తెల్లది వేసేస్తే పోలా అన్నాను. అమ్మ నావైపు ఒకసారి చూసి, ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టింది.