మెదక్ మందిరంలో మా మొక్కుబడి

క్రిస్మస్ అయి వారం కూడా కాలేదు, కాళ్ళ నొప్పులింకా తగ్గలేదు. అయినా మెదక్ చర్చి సంగతి ఇప్పుడే రాయాలనిపించింది.

మొక్కుబడి మా ఆయన కోసం. చిలకలగూడ అడ్డాలో ఆటో నడిపే మనిషి. పక్షవాతం వచ్చి మాట, కుడి చెయ్యి రెండూ పోయాయి. రెండూ తిరిగొస్తే మెదక్‌లో కృతజ్ఞతార్పణ చెల్లిస్తానని ప్రభువుకు మొక్కుకున్నాను. మాట వచ్చింది. చెయ్యి రాలేదు. ఆటో అమ్మేశాం.

సగమే జరిగినప్పుడు మొక్కు తీర్చాలా, ఆగాలా? నాకు తేలలేదు. మా అత్తమ్మ తేల్చేసింది: "మిగతాది ఇచ్చేదాంక దేవునికి మొహం చాటేస్తవా బిడ్డా?"

ఆమె పెట్టిన పద్ధతి ఇంకోటి ఉంది. రాత్రి ప్రార్థనలో ఆ రోజుకు ఒక్కటైనా స్తోత్రం చెప్పాలి. 'ఉపకారములలో దేనిని మరువకుము' అని కీర్తనలో ఉందిగా, అంతే, వదలదు. కొన్ని రాత్రులు ఏమీ తట్టక "ఈ రోజు కరెంటు పోలేదు, స్తోత్రం" అని ముగించేదాన్ని. అత్తమ్మ దానికీ గట్టిగా ఆమెన్ అనేది.

జూబ్లీ బస్టాండులో బస్సెక్కి నర్సాపూర్ మీదుగా వెళ్ళాం. చీకటుండగానే చేరాం, జనం అప్పటికే జాతరలా ఉన్నారు. తెల్లవారుజాము ఆరాధన బయటి మైకులోనే విన్నాం. చెవుల్లో పీపీలు, ముందు సెల్ఫీలు. వాక్యం చదువుతుంటే కూడా ఫోన్లు దించరు! ఒక్కటివ్వాలనిపించింది. పండగ కదా, ఊరుకున్నాను.

లోపలికి వెళ్ళే లైన్లో ఆయన కాలు వణకడం మొదలైంది. వెనక్కి వెళ్దామంటే దారి లేదు. పక్కనే కొవ్వొత్తులమ్మే ముసలాయన చూశాడు. తను కూర్చున్న స్టూలు లాగి మా ఆయన కింద పెట్టాడు. లైను కదిలినప్పుడల్లా తనే స్టూలెత్తి మా వెంట వచ్చాడు, బేరం వదిలేసి. మధ్యలో ఒకరిద్దరు కొవ్వొత్తులడిగితే అక్కడే తీసుకొని పైసలు డబ్బాలో వేయమన్నాడు. గుమ్మం దగ్గర నేను యాభై రూపాయలు ఇవ్వబోతే, "మా తమ్మునికి గిట్లనే అయిందమ్మా. అన్నను మంచిగ చూస్కో," అని స్టూలు భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు. "వందనాలన్నా," అన్నాడు మా ఆయన. నాలిక తడబడలేదు.

ఈ మందిరం కథ మీకు తెలిసిందే. కరువు రోజుల్లో మిషనరీ పాస్నెట్ దొరగారు ఈ మందిరం కట్టే పని చూపించి తిండి పెట్టారు. పదేళ్ళు కట్టి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. చిన్నప్పటినుంచి వింటున్న కథే గాని, ఆ రోజు స్తంభానికి ఆనుకొని నిలబడితే వేరే ఆలోచన వచ్చింది. ఆ రాళ్ళు మోసినవాళ్ళు అడిగింది వానే అయ్యుంటుంది. దొరికింది అన్నం. చేను ఎండే ఉంది, పిల్లల కడుపు మాత్రం ఆ పూటకు నిండింది. ఆ రాత్రి వాళ్ళు స్తోత్రం చెప్పే పడుకున్నారని నా నమ్మకం.

అప్పటికి ఎండెక్కి రంగుల అద్దాలు వెలిగాయి. జననం, సిలువ, ఆరోహణం. బలిపీఠం వెనక ఆరోహణ కిటికీలో ప్రభువును తలెత్తి చూశాను. దారంతా కూర్చుకున్న పెద్ద ప్రార్థన ఒక్క ముక్క గుర్తు రాలేదు. "మాట తిరిగి ఇచ్చావు ప్రభువా, స్తోత్రం" అన్నాను. ఇంతలో వాలంటీరు "నడవండమ్మా నడవండి" అని తోశాడు. చెయ్యి సంగతి అడగనే లేదు. అడగకూడదని కాదు, టైం దొరకలేదు. కానుక పెట్టెలో కవరు మా ఆయనే ఎడమ చేత్తో వేశాడు.

తిరుగు బస్సులో దేవుడి దయవల్ల సీటు దొరికింది. ఇక మొదలుపెట్టాడు మా ఆయన: డ్రైవరుకు గేరు మార్చడం రాదట, క్లచ్ మీద కాలు తీయడట, ఇతనికి లైసెన్సు ఎవడిచ్చాడట. బాలానగర్ దాకా అదే గొణుగుడు. ముందు సీటాయన రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. నేను ఊరుకోమనలేదు.