పాలమూరు మిద్దెలో కిన్నెర

మహబూబ్‌నగర్‌లో, పాత పాలమూరు వైపు ఒక మిద్దె ఇల్లుంది. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం ఆ ఇంటి ముందరి అర్రలో పాట ఉంటుంది. స్టేజీ లేదు, మైకు లేదు, టికెట్ లేదు. కింద జంపఖానా పరుస్తారు, నలభై మంది కూర్చుంటే అర్ర నిండిపోతుంది. ఒక నెల భజన కీర్తనలు, ఇంకో నెల తత్వాలు, మరో నెల బుర్రకథ. ఈసారి పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం అని మా ఆఫీసులో పాలమూరు మిత్రుడు చెప్పగానే ఆ శనివారానికి పెట్టుకున్న పనులన్నీ పక్కన పెట్టేశాను.

కిన్నెర పేరు ఇప్పుడు తెలియనివాళ్లు తక్కువ. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చాక ఆ వాద్యాన్ని టీవీల్లో, ఫోన్లలో చాలామంది చూశారు. దాని అసలు గొంతు విన్నవాళ్లు మాత్రం ఎందరున్నారు? నేనూ అంతవరకు ఫోన్‌లోనే విన్నాను. ఒక్కసారి నగరంలో ఒక పెద్ద సభలో ఎదురుగా చూశాను. ఆ కళాకారుడికి ఇచ్చింది ఐదు నిమిషాలు. సౌండ్ చూసే అబ్బాయి మైకును నోటి దగ్గర పెడితే వాద్యం వినపడలేదు, కిన్నెర కింది సొరకాయ బుర్ర దగ్గర పెడితే కీచుమంది. అది సర్దుకునేలోపే టైమ్ అయిపోయింది, శాలువా కప్పి పంపించేశారు. ఆ పెద్దమనిషి వాద్యాన్ని గుడ్డలో చుట్టుకుని స్టేజీ దిగుతుంటే చూడలేకపోయాను. ఎప్పటికైనా కిన్నెర పక్కన కూర్చుని వినాలని అప్పటి నుంచీ మనసులో ఉంది.

కాచిగూడలో మధ్యాహ్నం రైలెక్కాను. ఈ దారికి నాకు రైలే ఇష్టం. బస్సు తొందరగానే పోతుంది కానీ, హైవే మీద బెంగళూరు లారీలు తప్ప చూడటానికి ఏమీ ఉండదు. రైలైతే ఉందానగర్, షాద్‌నగర్ దాటి మెల్లగా చేన్లలోకి, గుట్టల్లోకి దిగుతుంది. సీతాఫలాల కాలం కదా, బాలానగర్‌లో ఆడవాళ్లు గంపలతో ఎక్కారు, పెట్టె అంతా పండ్ల వాసన. ఈ గుట్టల మీద సీతాఫలం ఎవరూ నాటకుండానే కాస్తుంది. ఇక్కడి బాలానగర్ రకాన్ని మాత్రం వేరే రాష్ట్రాల్లో తోటలుగా వేసుకుంటారు. ఎదుటి సీట్లో దసరాకు ఊరికి పోతున్న మేస్త్రీల కుటుంబం ఉంది. పిల్లలు రంగుకాగితాలతో ఏదో చేసుకుంటుంటే తండ్రి కూర్చున్నచోటే నిద్రపోయాడు. దేశంలో ఏ డ్యాం కట్టినా పాలమూరు కూలీల చెయ్యి పడాల్సిందే అంటారు. ఆ కట్టిన చేతులే పండక్కి ఇంటికి పోతున్నాయి.

స్టేషన్ నుంచి షేర్ ఆటోలో క్లాక్ టవర్ దాకా వెళ్లి చాయ్ తాగి, మిత్రుడు చెప్పిన గుర్తులు పట్టుకుని సందులోకి నడిచాను. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద 1890లో ఊరికి మహబూబ్‌నగర్ అని పేరు పెట్టారు గానీ, దారి చెప్పిన ముసలాయన నోట పాలమూరు అనే మాటే వచ్చింది.

ఇంటాయన రిటైరయిన టీచర్. అందరూ సారు అనే పిలుస్తారు. మందపాటి మట్టిగోడలు, పైన వరసగా కట్టె దంతెలు, వాటి మీద మట్టి కప్పు. పిల్లలు సిమెంటు ఇల్లు కట్టుకుందామని ఎంత అడిగినా ఈ భాగాన్ని ఆయన కదిలించనివ్వలేదట. "సిమెంటు హాల్లో మాట తిరిగొచ్చి మొహానికి కొడుతది. ఈ గోడ అట్ల చెయ్యదు" అన్నారు. నేను ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి చూశాను. శబ్దం వచ్చింది, అక్కడికక్కడే ఆగింది. కచేరీ హాళ్లలో గోడలకు లక్షలు పోసి మెత్తటి పలకలు కొట్టించేది ఇందుకే.

డబ్బు సంగతి కూడా ఆయన దాచకుండా చెప్పారు. కళాకారుడికి ఇవ్వాల్సింది పాటకు ముందే కవర్లో పెట్టి ఇచ్చేస్తారు, బస్సు చార్జీలు వేరే. గుమ్మం పక్కన ఒక స్టీలు డబ్బా ఉంటుంది, వచ్చినవాళ్లు తోచినంత వేస్తారు. తక్కువ పడితే ఐదారుగురు మిత్రులు సర్దుకుంటారు. ఎంతిస్తారో, అసలిస్తారో లేదో అన్న రందితో పాడే పాట వేరు, ఆ రంది లేకుండా పాడే పాట వేరు అని సారు నమ్మకం. ముఖ్య అతిథులు, ఉపన్యాసాలు ఏవీ లేవు. ఆరున్నరకు ఆయన లేచి "మొదలుపెడదామా తాతా?" అని అడిగి, సీలింగ్ ఫ్యాన్ ఆపేశారు. అంతే ప్రారంభం.

ఫ్యాన్ ఎందుకు ఆపారో మొదటి మీటుతోనే అర్థమైంది.

కిన్నెర వాయించే తాత నల్లమల వైపు నుంచి వచ్చారు. తెల్ల ధోవతి, తలకు రుమాలు. గోడ వారగా కూర్చున్న నన్ను చూసి "దగ్గరికి జరుగు బిడ్డా, ఇది దూరంకెళ్లి ఇనేది కాదు" అన్నారు. జరిగి, చెయ్యి చాస్తే కిన్నెర అందేంత దగ్గరగా కూర్చున్నాను. పొడవాటి వెదురు బొంగు, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు మూడు. బొంగు మీద, స్వరానికొకటిగా తీగను నొక్కే మెట్లు. పాతకాలంలో మెట్లకు అలుగు అనే అడవి జంతువు పొలుసులు వాడేవాళ్లు, ఈ కిన్నెరకున్నవి ఇత్తడివి. వాటిని పట్టి ఉంచేది తేనె మైనం. ఒక మెట్టు కొంచెం కదిలినట్టుంది, తాత ఆ మైనం మీద బొటనవేలు ఆనించి అది మెత్తబడేదాకా అలాగే పట్టుకుని, మెట్టును వెంట్రుకవాసి పక్కకు జరిపారు. మీటి విన్నారు. ఇంకా తృప్తి లేదు. మళ్లీ వేలు ఆనించారు. అర్రలో ఒక్కరూ తొందరపడలేదు. పసిపిల్లలు కూడా ఆ వేలు వైపే చూస్తున్నారు. సభలో ఇచ్చే ఐదు నిమిషాలు ఈ ఒక్క మెట్టుకే చాలవు.

శ్రుతి కుదిరాక వచ్చిన మొదటి స్వరం, సగం నీళ్లున్న కుండను వేలితో తట్టినట్టు వినిపించింది. గట్టిగా మోగదు. తీగ కదిలిన చప్పుడు బుర్రల్లోకి దిగి, అక్కడ కొంచెం బరువెక్కి బయటికి వస్తుంది. తీగ మెట్టుకు తగిలినప్పుడు సన్నటి జీర ఒకటి ఉంటుంది, అదే కిన్నెర ప్రాణం. రికార్డింగ్‌లో పోయేదీ అదే. మీటుకు మీటుకూ బొంగు చివర ఉన్న చిన్న చెక్క పిట్ట తల ఊపుతుంటే ముందు వరసలో పిల్లలు దానితోపాటు తలలూపారు.

పండుగ సాయన్న కథ ఎత్తుకున్నారు. నిజాం కాలంలో దొరలను కొట్టి పేదలకు పెట్టిన పాలమూరు వీరుడు సాయన్న. పుస్తకాల్లో ఆయన పేరు ఎక్కడో ఒకచోట గానీ కనపడదు, ఇంతకాలం ఆయన బతికింది ఈ తీగల మీదే. డక్కలి కళాకారులు తరతరాలుగా కిన్నెర పట్టి మాదిగల కులపురాణమైన జాంబపురాణం చెప్పుకుంటూ వచ్చారు. ఆ నోటితోనే సాయన్న కథనూ కాపాడారు. తాత నాలుగు మాటలు వచనంగా చెబుతారు, తర్వాత పాటలోకి జారుతారు, పాట ఆగిన చోట కిన్నెర ఒక్కతే ఆ వరసను మళ్లీ అంటుంది. గొంతు అన్నదాన్ని తీగ రెండోసారి చెప్పేలోపు వినేవాళ్లకు ఆ మాట లోపల కూర్చోవడానికి టైమ్ దొరుకుతుంది. దొర గడీ ముందు సాయన్న నిలబడే ఘట్టం దగ్గర ఆయన గొంతు పెంచలేదు, తగ్గించారు. అర్రంతా ముందుకు వంగింది. నా పక్కనున్న ఒక ముసలమ్మ పెదవులు కదులుతున్నాయి. ఆమెకు ఆ కథ మొత్తం వచ్చు. తాత ఒకచోట ఆగితే తర్వాతి మాట ఆమే అందించింది. ఆయన నవ్వి, "అట్లనే అవ్వా" అని అక్కణ్నుంచి అందుకున్నారు.

మైకు ఉంటే ఆ అవ్వ మాట ఎవరికీ వినపడేది కాదు.

ఏడాదికోసారి వేలమందిని కూడగట్టి చేసే ఉత్సవాలను నేను కాదనను. కానీ ఇలాంటి కళకు కావలసింది నెలనెలా తప్పని ఒక రోజు, దగ్గరగా కూర్చునే కొద్దిమంది. ఇది మా ఊళ్లోనూ, మీ ఊళ్లోనూ చెయ్యగలిగిన పనే. ఒక అర్ర, ఒక జంపఖానా, ఒక డబ్బా. వచ్చే ముప్పై నలభై మందిలో సగంమంది ప్రతిసారీ వచ్చేవాళ్లే కాబట్టి వాళ్ల చెవులు నెలనెలకూ పదునెక్కుతున్నాయి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ "ఆఁ" అనాలో వాళ్లకు తెలుసు. పాడేవాళ్లకు ఇంతకంటే కావలసిందేముంటుంది?

చివర్లో అరగంట ఊళ్లోని భజన బృందానిది. హార్మోనియం, తబలా, తాళాలు. ఇక్కడికి దగ్గర్లోని మన్యంకొండ స్వామి మీద పాటలు కట్టిన హనుమద్దాసు కీర్తనలు రెండు పాడారు. ఈ జిల్లాలో శనివారం భజనల్లో ఆయన కీర్తనలు ఈనాటికీ నోటి మీద ఉన్నాయి. ఒకరు చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. మొదట చాలా నెమ్మది. దరువు పెంచుతూ పోయి, తాళాలు ఒక్కసారిగా ఆపి, మళ్లీ మొదటి నడకకు దిగుతారు. అర్రలో ఉన్నవాళ్లలో పాడనివాళ్లు నాలాంటి ఒకరిద్దరే.

జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, పల్లికారం అందరికీ ఇంట్లోనే పెట్టారు. తాత పక్కన కూర్చుని తిన్నాను. "ఇంట్ల ఎవరన్నా నేర్చుకుంటున్నరా తాతా?" అని సారు అడిగారు.

"పెద్దోడు హైదరాబాద్‌ల సెంట్రింగ్ పనికి పోతడు. చిన్నోడికి చెయ్యి తిరుగుతది గని, కూసుంటే పూట గడవాలె గద సారూ. నెలకు నాలుగు తావులల్ల గిట్ల పిలిస్తే వాడు గూడ పట్టుకుంటడు."

సారు వెంటనే జవాబు చెప్పలేదు. తర్వాత జడ్చర్లలో, వనపర్తిలో తన పాత శిష్యుల పేర్లు ఒక్కొక్కటే చెప్పి, వాళ్ల ఇళ్లల్లో ఎంత జాగా ఉందో అక్కడున్నవాళ్లతో లెక్కలు వేయడం మొదలుపెట్టారు. నేను లాడ్జికి బయల్దేరేటప్పటికి ఇద్దరికి ఫోన్ చేశారు, ఒకాయన సరేనన్నాడు కూడా.

పొద్దున్నే రాయచూరు రోడ్డు బస్సెక్కి మన్యంకొండ వెళ్లాను. ఊరికి ఇరవై కిలోమీటర్ల లోపే. ఉలి ముట్టని స్వామి, తవ్వని కోనేరు, చెక్కని పాదాలు అని ఈ వెంకటేశ్వరుడి కొండ గురించి చెప్పుకుంటారు. కొండ పైదాకా ఘాట్ రోడ్డు ఉన్నా నేను నడిచే వెళ్లాను. నా ముందు ఒకావిడ తలమీద మూటతో ఎక్కుతూ, రాత్రి నేను విన్న కీర్తననే తనలో తాను పాడుకుంటోంది. అడుగుకో మాట. ఏటవాలు పెరిగిన చోట పాట నెమ్మదిస్తుంది, చదునైన చోట వేగం అందుకుంటుంది. రాత్రి భజనలో దరువు పెరగడం, తగ్గడం కేవలం పాటలోని సొగసు అనుకున్నాను. ఈ కొండ ఎక్కుతుంటే ఆ నడక కాళ్లకు తెలిసింది. హనుమద్దాసు కీర్తన కట్టింది ఇలా ఎక్కేవాళ్ల మధ్య ఉండి కదా అనిపించింది. పైన స్వామి దర్శనం తొందరగానే అయింది. ఆవిడ మాత్రం మంటపంలో కూర్చుని మిగిలిన చరణాలు పూర్తిచేశాకే లోపలికి వెళ్లింది.

తిరుగు బస్సులో ఉండగా సారు నుంచి మెసేజ్. వచ్చే నెల గొల్లసుద్దులట. ప్రజాకవి సుద్దాల హనుమంతు తెలంగాణ సాయుధ పోరాట కాలంలో జనం దగ్గరికి తీసుకెళ్లిన కళారూపాల్లో గొల్లసుద్దులూ ఒకటి. గొంగడి భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని, జనంలోకి నడిచొచ్చి మాట్లాడే కళ అది. అర్రలో చోటు చాలదు కాబట్టి వాకిట్లో పెడుతున్నారు. వెళ్లాలనుకునేవాళ్లు ఆరింటికే చేరుకుంటే మంచిది, ఆలస్యమైతే గుమ్మం బయటే.

మా అమ్మది నకిరేకల్ దగ్గర పల్లె. చిన్నప్పుడు గొల్లసుద్దులు చూశానని ఎప్పుడూ చెబుతుంటుంది. ఇంటికి రాగానే వస్తావా అని అడిగాను. "మైకు పెట్టి చెవులు పగలగొడతరా?" అంది. మైకే లేదమ్మా అంటే, "అట్లయితే టికెట్ తియ్యి" అని లోపలికి వెళ్లి క్యాలెండర్ మీద రెండో శనివారం చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది.