మా మూడున్నర ఎకరాల చెరువుకు లైసెన్సు

మా నాన్నగారు 1990ల చివర్లో వరి చేనును చేపల చెరువుగా తవ్వించినప్పుడు అనుమతి అనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కైకలూరు ప్రాంతంలో చాలామందిలాగే బొచ్చె, శీలావతి పిల్లలు వేసి, తవుడూ చెక్కా నింపిన బస్తాలను గెడలకు కట్టి పెంచడమే మాకు తెలిసిన సేద్యం. 2020లో రాష్ట్రం చెరువులకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ ఆక్వాకల్చర్ అభివృద్ధి సాధికార సంస్థ చట్టం తెచ్చిన తరువాత కూడా నేను కొంతకాలం పట్టించుకోలేదు. ఏరియేటర్ల (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాల) కరెంటు మీద రాయితీకి ఆ కాగితాలు అడిగినప్పుడే కదిలానని ఒప్పుకోవాలి. పర్యావరణం మీద ప్రేమతో కాదు.

గ్రామ సచివాలయంలో పాసుపుస్తకం నకలు, అడంగల్, సర్వే స్కెచ్ జతచేసి దరఖాస్తు ఇచ్చాను. అన్నిటికంటే ముందు అడిగిన ప్రశ్న, ఆ సర్వే నంబరు కొల్లేరు సరస్సు అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత) లోపల ఉందా అని. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ పరిధిలో చేపల చెరువులకు చోటు లేదు. 2006లో అక్కడి గట్లను యంత్రాలతో తెంచేసిన రోజులు మా ఇళ్లలో ఇంకా మాట్లాడుకుంటూనే ఉంటారు గనుక, మా నంబరు బయటే ఉందని మ్యాపులో చూపించేవరకు నాకు నిద్ర పట్టలేదు.

అసలు చిక్కు పక్క చేను నుంచి వచ్చింది. వరుసకు బాబాయి అయ్యే పెద్దాయన అభ్యంతరం రాసిచ్చారు. మండల కమిటీ తనిఖీకి వచ్చిన రోజు, "నీ మీద కక్షతో రాయలేదురా అబ్బాయ్, చేను ఊటెక్కిపోతోంది" అన్నారు. నేను గట్టు గట్టిదని వాదిస్తూనే ఉన్నాను. ఇంతలో ఇంజనీరు గారు గట్టు దిగువన నిలబడి కాలు తీసిన చోట ఆ అడుగు గుంటలోకి నెమ్మదిగా నీరు చేరింది. అది ఎండాకాలం, ఆ చేనుకు నెల రోజులుగా ఎవరూ నీరు పెట్టలేదు. ఆ గుంట చూశాక నేనింక మాట్లాడలేదు.

చెరువుకు ఆ వైపున ఊట బోదె తవ్వాలనీ, చెరువు నీటిని పంట బోదెలోకి కాక గొట్టం ద్వారా మురుగు కాలువలోకే వదలాలనీ షరతు పెట్టారు. తొమ్మిది సెంట్ల నేల పోయింది. మధ్యలో ఒక కార్యాలయంలో ఫైలు రెండు నెలలు కదలకుండా ఉండిపోయింది; ఆ కథ మీకూ తెలిసిందే కాబట్టి వదిలేస్తాను. జనవరిలో ఇచ్చిన దరఖాస్తుకు ఆగస్టులో లైసెన్సు చేతికొచ్చింది.

మరుసటి వేసవిలో బాబాయి చేను ఆరింది గానీ నా చెరువు ఇబ్బందిలో పడింది. డెల్టా కాలువలు కట్టేసిన నెలల్లో మాకు మురుగు కాలువ నీరే దిక్కు. ఎగువన ఎవరో చేపల పట్టుబడి కోసం చెరువు ఖాళీ చేసి ఆ నల్లటి నీటిని రాత్రికి రాత్రే వదిలేశారు, నేనేమో తెలియక ఇంజను వేసి తోడుకున్నాను. తెల్లవారుజామున చూస్తే చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. ఏరియేటర్లు ఉండబట్టి నష్టం కొంతతో ఆగింది. ఆ నీరు వదిలిన చెరువుకు లైసెన్సు ఉందనీ, దాని గొట్టం కూడా నా గొట్టంలాగే షరతు ప్రకారం మురుగు కాలువలోకే ఉందనీ తరువాత తెలిసింది. చెరువు చెరువుకూ విడివిడిగా కొలిచే ఈ పద్ధతిలో, ఒక్క కాలువ ఎన్ని చెరువుల మురుగును మోయగలదో నన్ను అడిగినవారెవరూ లేరు. లైసెన్సు మీద నాకున్న ఫిర్యాదు ఇదే. తొమ్మిది సెంట్లు పోయిన బాధ దీని ముందు చిన్నది.

ఆ తరువాత మా కాలువ మీద ఉన్న పన్నెండు మంది కూర్చుని, ఎవరు ఏ వారంలో నీరు వదలాలో, ఒక రోజు ముందుగా ఎవరెవరికి ఫోను చేయాలో కాగితం మీద రాసుకున్నాం. మొదటి ఏడాదే ఇద్దరు తప్పారు, వారిని ఆపే అధికారం ఆ కాగితానికి లేదు. దానిని లైసెన్సు షరతుల్లో చేర్చమని సచివాలయంలో అర్జీ ఇచ్చాం. అర్జీలో మొదటి సంతకం చెరువే లేని బాబాయిది.