మూడున్నరకు తెరిచే సంత

జూలై 1, 2025, మంగళవారం

న్యూయార్క్‌లో జూన్ 30 సాయంత్రం 6 అయితే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాళ్లతో జట్లు బేరాలాడే కాలం, మొదలు. మనకది ఈరోజు తెల్లవారుజాము మూడున్నర. వీధిలోకి పాలవాడు ఇంకా రాలేదు, ఫోన్లో మాత్రం కోట్ల డాలర్ల బేరాలు నడుస్తున్నాయి. జూలై 6 మధ్యాహ్నం దాకా వీటిలో చాలావరకు నోటి మాటలే, సంతకాలు ఆ తర్వాతే.

ఏటా ఈ రోజున అదే ప్రశ్న. అట్టడుగున పడి ఉన్న జట్టు దగ్గర డబ్బుంది కదా, నలుగురిని తెచ్చుకుని పైకి రాకూడదా? డెట్రాయిట్ పిస్టన్స్ ఈ పని మూడు వేసవుల్లో మూడు రకాలుగా చేసింది.

మొదటిది 2009. స్టార్ ఆటగాడు అలెన్ ఐవర్సన్ కాంట్రాక్ట్ ముగియడంతో శాలరీ క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాలకు లీగ్ పెట్టే పరిమితి) చోటు దొరికింది. బెన్ గోర్డన్‌కు ఐదేళ్లకు సుమారు 5.5 కోట్ల డాలర్లు, చార్లీ విలనుయేవాకు ఐదేళ్లకు సుమారు 3.5 కోట్లు ఇచ్చారు. గోర్డన్ షూటింగ్ గార్డ్. ఆ స్థానంలో రిచర్డ్ హామిల్టన్ అప్పటికే ఉన్నాడు, కిందటేడే అతని కాంట్రాక్ట్ పొడిగించారు కూడా. పొయ్యి లేని వంటింటికి రెండో గ్రైండర్ తెచ్చినట్టు. అంతకుముందు 39 గెలిచిన జట్టు ఆ ఏడాది 27 గెలిచింది.

అసలు నష్టం ఆ ఓటములు కాదు. 2012లో గోర్డన్‌ను షార్లెట్‌కు పంపి కోరీ మాగెట్టీని తెచ్చుకున్నారు. గోర్డన్ కాంట్రాక్ట్ రెండేళ్లు మిగిలి ఉంది, మాగెట్టీది ఒక్కటే. ఆ ఒక్క ఏడాది భారం దించుకోవడానికి ఒక మొదటి రౌండ్ పిక్ (ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో కొత్త ఆటగాణ్ని ఎంచుకునే వంతు) కూడా ఇచ్చేశారు. 2014లో ఆ పిక్ మొదటి 8లో పడితే డెట్రాయిట్‌ది, దాటితే షార్లెట్‌ది. ఎక్కువ ఓడిన జట్టు ముందుండే ఆ వరసలో, 29 గెలుపులతో డెట్రాయిట్ సరిగ్గా 8లో ఉంది. ముందు వంతులకు లాటరీ తీస్తే, 9లో ఉన్న క్లీవ్‌లాండ్ 1.7 శాతం అవకాశంతో ఏకంగా ఒకటికి ఎగిరింది. డెట్రాయిట్ 9కి జారింది, పిక్ పోయింది. 2009లో పెట్టిన సంతకానికి ఐదేళ్ల తర్వాత కట్టిన వడ్డీ అది.

రెండోది 2013, జాష్ స్మిత్, నాలుగేళ్లకు 5.4 కోట్లు. ఆటగాడు చెడ్డవాడేం కాదు. కానీ జట్టులో అప్పటికే ఉన్న డ్రమండ్, మన్రో ఇద్దరూ బుట్ట దగ్గరే ఆడేవాళ్లు. మూడోవాడుగా వచ్చిన స్మిత్ దూరం నుంచి వేయాల్సి వచ్చింది. ఆ సీజన్‌లో త్రీ పాయింటర్లు 265 వేశాడు, పడ్డవి 26.4 శాతం. అలాంటివాణ్ని ఎవరూ బయటదాకా వెళ్లి కాయరు. కాసేవాళ్లంతా లోపలే గుమిగూడతారు, మిగతా ఇద్దరికీ ఊపిరాడదు. 2014 డిసెంబరులో జట్టు 5 గెలుపులు, 23 ఓటములతో ఉండగా స్మిత్‌ను వదిలేసుకున్నారు. అప్పుడు స్ట్రెచ్ నిబంధన (మిగిలిన జీతాన్ని ఎక్కువ ఏళ్లకు పరిచేది) వాడారు. లెక్క సులువే: మిగిలిన ఏళ్లను రెట్టింపు చేసి ఒకటి కలపాలి. ఆ సీజన్ పోను మిగిలినవి రెండేళ్లు, 2.7 కోట్లు, కాబట్టి ఐదేళ్లు, ఏడాదికి 54 లక్షలు. 2019–20 దాకా, జట్టులో లేని మనిషి జీతం పద్దులో కూర్చుంది.

ఇలా ఎందుకవుతుందంటే, ఒక్కో ఆటగాడి గరిష్ఠ జీతానికీ పరిమితి ఉంది. అనుభవాన్ని బట్టి క్యాప్‌లో 25, 30, 35 శాతం. అంటే పెద్ద స్టార్‌కు గెలిచే జట్టూ ఓడే జట్టూ ఒకే ధర చెప్పాలి, సొంత జట్టయితే ఇంకో ఏడాది ఎక్కువ ఇవ్వగలదు, ఏటా పెంపు కూడా 5 శాతానికి బదులు 8. అలాంటప్పుడు ఓడే జట్టుకు ఎందుకొస్తాడు? మధ్యస్థ ఆటగాడికి ఆ అడ్డు లేదు, అక్కడ మాత్రం పోటీలో మిగతావాళ్ల కంటే పైమాట చెప్పొచ్చు. చేతిలో డబ్బు పెట్టుకుని సంతకెళ్లిన ఓడే జట్టు మధ్యస్థుణ్ని స్టార్ ధరకు తెచ్చుకునేది అందుకే. డబ్బు కంటే ఏళ్లే ప్రమాదం. ఎక్కువ జీతం ఒక సీజన్‌తో పోతుంది, నాలుగో ఏడాది మాత్రం పిక్ ఇస్తే గానీ పోదు.

 

మూడోది 2024. అంతకుముందు సీజన్‌లో 14–68, వరసగా 28 ఓటములు. జట్టు కార్యకలాపాల అధ్యక్షుడిగా కొత్తగా వచ్చిన ట్రేజన్ లాంగ్డన్ టోబయస్ హ్యారిస్‌కు రెండేళ్లకు 5.2 కోట్లు, మలిక్ బీస్లీకి ఒక్క ఏడాదికి 60 లక్షలు ఇచ్చాడు. డల్లాస్ వదిలించుకోవాలనుకున్న టిమ్ హార్డవే జూనియర్ ఆఖరి ఏడాది కాంట్రాక్ట్‌ను తీసుకుని, మూడు రెండో రౌండ్ పిక్‌లు కూడా రాబట్టాడు. రెండేళ్లు దాటిన బరువు వీటిలో ఒక్కటీ లేదు. ముగ్గురూ దూరం నుంచి వేయగలవాళ్లే, అంటే జట్టు ప్రధాన ఆటగాడు కేడ్ కన్నింగ్‌హామ్ లోపలికి దూసుకెళ్లడానికి దారి తెరిచేవాళ్లు. బీస్లీ వేసిన త్రీలలో 319 పడ్డాయి, లీగ్‌లో ఆంథనీ ఎడ్వర్డ్స్ ఒక్కడే అతని కంటే ఎక్కువ, 320. గెలుపులు 14 నుంచి 44కు వెళ్లాయి. అంతా వీళ్ల పుణ్యమే అనను (కోచ్ మారాడు, కేడ్ ఎదిగాడు). కేడ్ డ్రాఫ్ట్‌లో దొరికాడు, సంతలో కాదు. వీళ్లు అతని చుట్టూ పేర్చిన సామాను.

ఈ వేసవి బ్రూక్లిన్ నెట్స్ చేతిలోనే చెప్పుకోదగ్గ ఖాళీ ఉంది. స్టార్ కోసం పరుగెత్తలేదు. డెన్వర్‌కు క్యామ్ జాన్సన్‌ను ఇచ్చి, ఇంకా రెండేళ్లున్న మైకేల్ పోర్టర్ జూనియర్ పెద్ద జీతాన్ని నెత్తికెత్తుకుని, ఏ షరతూ లేని 2032 మొదటి రౌండ్ పిక్ తెచ్చుకుంటోంది. 2012లో డెట్రాయిట్ దగ్గర షార్లెట్ చేసిన వ్యాపారమే ఇది.

డెట్రాయిట్‌కు మాత్రం ఖాళీ రోజులు నిన్నటితో అయిపోయాయి. కిందటి సీజన్‌లో కేడ్ జీతం 1.39 కోట్లు. ఆ సీజన్ మేటి ఆటగాళ్ల జాబితా అయిన ఆల్-ఎన్‌బీఏ జట్టులో చోటు రావడంతో క్యాప్‌లో అతని వాటా 25 శాతం నుంచి 30కి పెరిగింది. ఇవాళ్టి నుంచి 4.64 కోట్లు.