మన నిద్ర చెడగొట్టేది రీల్స్ కన్నా ప్రిపరేషన్ గ్రూపులే

ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2 ఉద్యోగాలకి చదువుతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. రీల్స్ మానేయమని మీకు అందరూ చెప్పే ఉంటారు. నేను చూసినంతలో మనసును ఎక్కువ కుంగదీసేవి "చదువు కోసమే" అని చేరిన టెలిగ్రామ్ గ్రూపులు. రీల్స్ చూస్తే టైమ్ పోయిందని మనకే తెలిసిపోతుంది. గ్రూపులో గంట కూర్చుంటే మాత్రం చదివినట్టే అనిపిస్తుంది.

పబ్లిక్ సర్వీస్ కమిషన్ (ఏపీపీఎస్సీ) ఇచ్చిన 2023 డిసెంబరు నోటిఫికేషన్ సంగతే చూడండి. మెయిన్స్ వాయిదాలు పడీ పడీ 2025 ఫిబ్రవరి 23కి వచ్చింది. రోస్టర్ (రిజర్వేషన్ల ప్రకారం పోస్టులు కేటాయించే వరుస) గొడవ తేలలేదని విశాఖపట్నం ఇసుకతోట దగ్గర అభ్యర్థులు రోడ్డెక్కారు. పరీక్షకి ముందు రోజు, వాయిదా వేయమని ప్రభుత్వమే కమిషన్‌కి లేఖ రాసింది. ఆ సాయంత్రం ద్వారకానగర్ స్టడీ హాల్లో అందరి కళ్లూ ఫోన్ల మీదే. "వాయిదా కన్ఫర్మ్" అని మెసేజ్ రాగానే నా పక్క సీటులోని శ్రీకాకుళం కుర్రాడు హైలైటర్‌కి మూత పెట్టేశాడు. కాసేపటికి "ఫేక్, ఎగ్జామ్ ఉంది" అని ఇంకోటి. మళ్లీ మూత తీశాడు. పేజీ మాత్రం తిరగలేదు, చేతులు వణుకుతున్నాయి. పరీక్ష అనుకున్న రోజే జరిగింది.

ఎప్పుడు ఏ కబురొస్తుందో తెలియనప్పుడే చెయ్యి ఫోన్ మీదకి ఎక్కువ పోతుంది. పది మెసేజుల్లో తొమ్మిది చెత్తే అయినా, పదోది ముఖ్యమైనదేమోనన్న ఆశ వదలదు. దానికి తోడు పోలిక. మాక్ టెస్టులో బాగా వచ్చినవాళ్లే స్క్రీన్‌షాట్ పెడతారు, తక్కువ వచ్చినవాళ్లు నోరు విప్పరు. అది చూసి మనమొక్కళ్లమే వెనకబడ్డామని కుమిలిపోతాం. ఇక నిద్ర ఎక్కడ పడుతుంది? పగలు చదివింది బుర్రలో కుదురుకునేదే నిద్రలో.

2018లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ 143 మంది విద్యార్థుల మీద చేసిన అధ్యయనం ఒకటుంది. కొందరు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ ఒక్కోటి రోజుకి పది నిమిషాలకే పరిమితం చేశారు. మూడు వారాల్లో వాళ్లలో ఒంటరితనం, కుంగుబాటు తగ్గాయి. పూర్తిగా మానేయలేదు, గమనించండి. మనకీ అంత చాలు.

మా రూమ్‌లో చేసుకున్న ఏర్పాటు చెబుతాను. కమిషన్ వెబ్‌సైట్ రోజూ సాయంత్రం ఒక్కడే చూసేవాడు, ఏదైనా వెబ్‌నోట్ (కమిషన్ పెట్టే ప్రకటన) ఉంటే మిగతావాళ్లకి నోటితో చెప్పేవాడు. కరెంట్ అఫైర్స్ పబ్లిక్ లైబ్రరీలో పేపర్ చదివి రాసుకునేవాళ్లం. పరీక్ష అయ్యాక కటాఫ్ అంచనా వీడియోల జోలికి పోలేదు. అవి ఎవరికీ ఒక్క మార్కు కలపవు, చూసినవాళ్లకి అన్నం సహించదు, అంతే.

ఇవన్నీ చేసినా వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా, బతకాలనిపించకపోయినా, పరీక్ష అయ్యేదాకా ఓర్చుకుందామని ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. జనం దాన్ని "పిచ్చాసుపత్రి" అంటారని వెనక్కి తగ్గకండి. ఇంట్లో చెప్పలేకపోతే రూమ్మేట్‌ని తోడు తీసుకెళ్లండి.