ఇప్పుడే తేల్చమనకండి

“అమ్మాయిలన్నా ఇష్టమే, అబ్బాయిలన్నా ఇష్టమే. ఏమని చెప్పుకోవాలో ఇంకా తెలీదమ్మా.” పదిహేనేళ్ల పిల్ల కారు వెనక సీట్లోంచి ఈ మాట అంటే మన నోటికి ముందొచ్చేది “ఏదో ఒకటి తేల్చుకో” అనే. ఆ తొందరంతా మనదే.

ఇందులో మూడు సంగతులున్నాయి: మనసు ఎవరి మీదకి పోతోంది, ఎవరితో దగ్గరవుతోంది, తనను తాను ఏమని చెప్పుకుంటోంది. మూడూ కలవాలని లేదు. 1948లో అమెరికా పరిశోధకుడు కిన్సీ ఆకర్షణకు 0 (పూర్తిగా అవతలి లింగం వైపు) నుంచి 6 (పూర్తిగా స్వలింగం వైపు) దాకా ఒక కొలత ఇచ్చాడు. తర్వాత ఫ్రిట్జ్ క్లైన్ అనే మనోవైద్యుడికి అది చాలలేదు. ఏడు అంశాలు తీసుకుని, ఒక్కోటీ గతంలో, ఇప్పుడు, కోరుకునేది అని మూడేసి సార్లు అడిగాడు. మొత్తం 21 గళ్లు. కొందరికి ఇవి కాలంతో మారతాయి కూడా. మారొచ్చు అంటే మనం మార్చొచ్చు అని మాత్రం అనుకోకండి.

ఆకర్షణ జబ్బు కాదు; స్వలింగ ఆకర్షణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే రోగాల పట్టికలోంచి తీసేసింది. పిల్లల్ని కుంగదీసేది దాపరికం, ఎవరేమంటారోనన్న కాపలా, విన్న ఎగతాళిని తామే నమ్మేయడం. బైసెక్సువల్ పిల్లల్లో, అంటే అమ్మాయిలన్నా అబ్బాయిలన్నా ఇష్టపడేవాళ్లలో, దిగులు మరింత ఎక్కువ కనిపిస్తుంది, వాళ్ల మాట అటువాళ్లూ ఇటువాళ్లూ నమ్మరు గనక. ఇంట్లో తీవ్రమైన తిరస్కారానికి గురైన ఇలాంటి పిల్లల్లో, తిరస్కారం లేని లేదా తక్కువున్నవాళ్లకంటే ఆత్మహత్యాయత్నాలు ఎనిమిది రెట్లకు పైగా ఎక్కువని 2009లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. కొట్టడం, తిట్టడమే తిరస్కారం అనుకుంటాం. తనలాంటి స్నేహితుల్ని కలవనివ్వకపోవడమూ అందులోకే వస్తుంది.

ఆ రోజుకి “చెప్పావు, మంచిపని చేశావు. ఇంకెవరికి తెలుసు? ఎవరికి చెప్పొద్దు?” అంటే చాలు. రెండు వారాలు నిద్ర, తిండి, చదువు దెబ్బతింటే కౌన్సెలర్‌ని వెతకండి. మొదటి ఫోన్లోనే “పిల్ల ఆకర్షణను మారుస్తారా?” అని అడగండి. మారుస్తామంటే అక్కడికి వద్దు. చనిపోవాలనిపిస్తోందా అని పిల్లను సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు.

చిక్కంతా అమ్మమ్మ వీడియో కాల్ దగ్గర. “మాకేం ఫర్వాలేదు” అన్న మనమే, ఫోన్ మోగగానే, పిల్ల తన ఇష్టాన్ని చెప్పుకుంటూ చొక్కాకి పెట్టుకున్న బ్యాడ్జి చూసి “ఆ బ్యాడ్జి తీసెయ్” అంటాం. చెప్పొద్దని పిల్ల కోరితే అది తన రక్షణ. మనం కోరితే? పెద్దావిడ మనసు కోసమని సర్దిచెప్పుకుంటాం. బ్యాడ్జి తీసి జేబులో వేసుకుంటున్న పిల్లకు అది అలాగే అర్థమవుతుందా అంటే, నాకు నమ్మకం లేదు.